గాజు సీతాఫలం

అనగనగనగా... పడుకుని విను చిట్టితల్లీ, మధ్యలో లేచి కూర్చోకూడదు... ఉప్పుగాలికి తలుపు గడియలు తుప్పుపట్టిపోయే ఒక ఊళ్ళో, తబితమ్మ అని ఒక నర్సమ్మ ఉండేది.

ఊళ్ళో ఎవరికి పురుడొచ్చినా ఆవిడే వెళ్ళేది. ఎండైనా వానైనా చేతిసంచీ పట్టుకుని గబగబా నడిచి వెళ్ళేది. బిడ్డ కేర్‌మన్నాక, ఇంటివాళ్ళు చీర పెడతామంటే వద్దనేది. కోడిని ఇస్తామంటే వద్దనేది. "మీ పాత పెట్టెల్లో క్రిస్మస్ చెట్టుకి కట్టే గాజు బుడగ ఏదైనా ఉంటే ఒకటివ్వండి, చాలు" అనేది.

ఆవిడకి అదో పిచ్చి. అప్పటికే అందరూ ప్లాస్టిక్ బుడగలు కొనేసుకుంటున్నారు. పాత గాజువి అటకల మీద దుమ్ముకొట్టుకుని పడి ఉండేవి. తబితమ్మ వాటిని తెచ్చుకుని, మెత్తటి గుడ్డతో తుడిచి, రేకుపెట్టెలో దూది పరిచి దాచుకునేది. చిలకలు, చేపలు, మామిడిపిందెలు, ఎర్రెర్రటి గుండ్లు. క్రిస్మస్ రాగానే సరుగుడు కొమ్మ తెచ్చి వాటిని కట్టేది. అప్పుడు వీధిలో పిల్లలంతా ఆవిడ గుమ్మం దగ్గర నోళ్ళు తెరుచుకుని నిలబడేవాళ్ళు.

"ఇవన్నీ దొరల దేశంలో చేసినవర్రా, ఓడెక్కి వచ్చాయి" అని చెప్పేది వాళ్ళకి. ఆవిడకి ఎవరో అలాగే చెప్పారు మరి.

ఇలా ఉండగా, పడవల వాళ్ళ ఇంట్లో కవలలు పుట్టారు. ఆ ఇంటి ముసలావిడ సంతోషం పట్టలేక, పాత పెట్టె అడుగునుంచి ఒక గాజుకాయ తీసి తబితమ్మ చేతిలో పెట్టింది. ఎప్పుడో సంతలో కొన్నారట. ఏం కాయనుకున్నావు? సీతాఫలం! లేతాకుపచ్చది. కంటికంటికీ వెండి మెరుపు. పట్టుకుంటే చేతిలో ఏమీ లేనట్టే ఉంది.

తబితమ్మ దాన్ని ఇంటికి తెచ్చి తుడుస్తుంటే, పైన టోపీ ఊడి చేతిలోకొచ్చింది. టోపీ అంటే బుడగ మెడకి తొడిగే చిన్న రేకు మూత. దానికే దారం కడతారు. ఆ టోపీ లోపలివైపు చూసింది. చూసి కెవ్వుమంది!

ఎందుకంటావా? లోపల తెలుగు అక్షరాలున్నాయి. "నశ్యం" అని! ముసలాళ్ళు ముక్కులో పీల్చే పొడుం డబ్బా లేదూ, ఆ డబ్బా రేకు కత్తిరించి చేసిన టోపీ అది.

అప్పుడు ఆవిడ రేకుపెట్టె దింపి, ఉన్నవాటన్నిటికీ టోపీలు ఊడదీసి చూసింది. ఒకదాంట్లో సగం "పొడుము". ఒకదాంట్లో బిస్కెట్ డబ్బా మీది ఆవు తోక. ఇంకోదాంట్లో "గుంటూరు"!

"అయ్యో నా మతి మండా! దొరల దేశంలో సీతాఫలాలు ఎక్కడ కాస్తాయి? పొడుం డబ్బాలు ఎక్కడుంటాయి?" అని నెత్తిన చెయ్యి పెట్టుకుని అక్కడే కూలబడింది.

ఆ తర్వాత ఆ సీతాఫలాన్ని దూదిలో చుట్టి సంచీలో పెట్టుకుని, రేకుపని చేసేవాళ్ళ ఇంటికి వెళ్ళింది. అక్కడ నూకాలమ్మ అని ఒక పెద్దావిడ, కిరసనాయిలు గరాటుకి మాటు వేస్తోంది. టోపీ చూడగానే పకపకా నవ్వింది.

"ఇది మా మావగారి కత్తెర పనే నర్సమ్మా! ఇంటిల్లిపాదీ ఇవే కత్తిరించేవాళ్ళం. నువ్వు రాకముందు ఈ ఊళ్ళో మూడిళ్ళకి ఇదే బతుకు. గాజు ఊదేది ఒకిల్లు, రంగులేసేది ఒకిల్లు, టోపీలు మేం. దొరల సరుకంటేనే జనం కొంటారని షావుకారు అలా చెప్పి అమ్మేవాడు. మేం నోరు మూసుకునేవాళ్ళం."

తబితమ్మ ఆ టోపీని మళ్ళీ తిప్పి తిప్పి చూసింది. తను రోజూ నడిచే వీధుల్లో, తను పురుళ్ళు పోసిన ఇళ్ళ పక్కనే, ఇవన్నీ చేశారా!

ఆ తర్వాత రంగులవాళ్ళ ఇంటికి వెళ్ళింది. అక్కడ ముసలి మొగుడూ పెళ్ళాం అరుగు మీద కూర్చుని ఉన్నారు. చిలకనీ చేపనీ చూపిస్తే మురిసిపోయారు. "ఈ రెక్క నేనద్దిందే" అంటే "కాదు, నేను" అని పోట్లాడుకున్నారు కూడా. అప్పుడు తబితమ్మ దూది విప్పి సీతాఫలం చూపించింది.

ముసలావిడ చేతిలో విసనకర్ర కింద పడిపోయింది. ముసలాయన ముఖం పాలిపోయింది.

"ఇదింకా ఉందా! ఏలీషా కంట మాత్రం పడనియ్యకమ్మా. దాచెయ్యి" అని లోపలికెళ్ళి తలుపేసుకున్నారు.

చూశావా విడ్డూరం? గాజుకాయని చూసి దడుచుకునే వాళ్ళుంటారా? నువ్వయితే ఏం చేసేదానివి? ఇంటికి పరిగెత్తేదానివి కదూ? తబితమ్మ పరిగెత్తలేదు. తిన్నగా ఆ గాజు ఊదే ఏలీషా ఉండే చిమ్నీల వీధికి వెళ్ళింది.

చిమ్నీల వీధి అని ఎందుకన్నారంటే, వెనకటికి అక్కడ లాంతర్లకి గాజు చిమ్నీలు ఊదేవాళ్ళు. కరెంటు వచ్చాక చిమ్నీలు ఎవరిక్కావాలి? అప్పుడు ఏలీషా, సమాధానం అనే వాళ్ళ తమ్ముడు, ఇద్దరూ కలిసి క్రిస్మస్ బుడగలు మొదలెట్టారు. అన్న గాజు ఊదేవాడు. తమ్ముడు లోపల వెండినీళ్ళు పోసేవాడు.

తబితమ్మ వెళ్ళేసరికి ఏలీషా వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. బాగా ముసలాడు. ఏళ్ళ తరబడి గాజు ఊది ఊది, బుగ్గలు ఖాళీ సంచుల్లా వేలాడిపోయాయి. తబితమ్మ నమస్కారం పెట్టి, సీతాఫలం ఆయన చేతిలో పెట్టింది.

ఆయన దాన్ని ఎండకేసి పట్టి చూశాడు. ఇటు తిప్పాడు. అటు తిప్పాడు. తర్వాత ఉన్నట్టుండి చెయ్యెత్తి, దాన్ని గచ్చు మీదకి విసిరి కొట్టాడు!

ఫట్! పిండి పిండి అయిపోయింది.

అమ్మో అంటావేం? తబితమ్మ కూడా అలాగే అమ్మో అంది. ఆవిడ ప్రాణంలో ప్రాణం కదా అది. కోపం రావాల్సింది పోయి, ఆయన ముఖం చూసి భయమేసింది.

"ఎవడిచ్చాడు నీకిది? నా తమ్ముడు పంపాడా? వాడి నిర్లక్ష్యానికే కదా నా బిడ్డకి కన్ను పోయింది!" అని అరిచాడు ఏలీషా.

ఆ సంగతేమిటో చెప్తా విను. బుడగ లోపల అద్దంలా మెరవాలంటే వెండి కలిపిన నీళ్ళు పోసి గిలక్కొట్టాలి. ఆ నీళ్ళు ఏ పూటవి ఆ పూటే వాడెయ్యాలి. మిగిలితే పారబొయ్యాలి. నిలవుంచితే పేలిపోతాయి! నీళ్ళు పేలడమేంటి అనుకుంటున్నావు కదూ? నిజమే, పేలతాయి. అందుకే సమాధానం రోజూ పొద్దువాలకముందే మిగిలినవి పారబోసి, కూజా కడిగి బోర్లించేవాడు.

ఏలీషాకి ఒక్కతే కూతురు. హెప్సిబా. తల్లిలేని పిల్ల. అప్పటికి నీ ఈడుది. దానికి సీతాఫలమంటే ప్రాణమని ఏలీషా మట్టితో అచ్చు చేసి, ఆ ఏడాది గాజు సీతాఫలాలు ఊదాడు. ఒక బుట్టెడు సంతకి వెళ్ళాయి. ఆ మర్నాడు పొద్దున, అందరూ చద్దన్నాలు తింటుంటే పనిగదిలో ఢామ్మంది. పరుగున వెళ్ళి చూస్తే హెప్సిబా నేలమీద పడి ఉంది. ముఖమంతా రక్తం. ఎడమ కన్ను పోయింది.

"నీళ్ళు పారబొయ్యకుండా వదిలేశావురా!" అని ఏలీషా తమ్ముణ్ణి జుట్టు పట్టుకుని వీధిలోకి నెట్టేశాడు. సమాధానం ఒక్క మాట అనలేదు. తలొంచుకుని, భార్యని తీసుకుని వెళ్ళిపోయాడు. ఏలీషా ఇంట్లో ఉన్న సీతాఫలాలన్నీ పగలగొట్టేశాడు. పొయ్యి ఆర్పేశాడు. అంతే, ఊళ్ళో మూడిళ్ళ పనీ ఆగిపోయింది. ఆ తర్వాత తమ్ముడి పేరు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

సరే, ఇప్పుడు గాజు పగిలిన చప్పుడికి లోపల్నుంచి ఒకావిడ వచ్చింది. ముఖం ఒక పక్కకి కొంగు కప్పుకుని ఉంది. హెప్సిబాయే. పెద్దదైపోయింది. కింద ఆకుపచ్చ ముక్కలు చూసింది. మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కటే ఏరడం మొదలెట్టింది. వేలు తెగినా ఆపలేదు. తబితమ్మ గబగబా సంచీలోంచి గుడ్డ తీసి కట్టు కట్టబోయింది.

అప్పుడు హెప్సిబా అంది, "నాన్నా, చిన్నాన్న తప్పేం లేదు."

"ఏంటీ?"

"వెండినీళ్ళు నేనే దాచాను నాన్నా. చిన్నాన్న పారబొయ్యకముందే, దగ్గుమందు సీసాలో కాసిని పోసుకుని అలమార వెనక పెట్టాను. ఒక సీతాఫలానికి నేనే వెండి వేసి, పండగనాడు నీకు చూపించి ఆశ్చర్యపరుద్దామనుకున్నా. పొద్దున సీసా తియ్యబోతే..."

కొంగు ఇంకాస్త ముఖం మీదకి లాక్కుంది.

ఏలీషా మంచం కోడు పట్టుకున్నాడు. "మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేమే?" అన్నాడు.

"కట్లు విప్పేసరికి చిన్నాన్న వెళ్ళిపోయాడు. పేరెత్తితే నువ్వు ఊగిపోయేవాడివి. భయమేసింది. పెద్దయ్యాక చెబుదామనుకున్నా. పెద్దయ్యాక ఇంకా భయమేసింది నాన్నా."

అప్పుడు ఏలీషా లేచాడు. చెప్పులు కూడా వేసుకోలేదు. వాకిలి దాటి నడవడం మొదలెట్టాడు. వెనకాల హెప్సిబా. ఆవిడ వెనకాల, ఆయన చెప్పులు పట్టుకుని తబితమ్మ. ఎక్కడికీ? ఊరవతల ఉప్పుమళ్ళకి. సమాధానం అక్కడ ఉప్పు లాగే పనిలో కుదిరాడు.

ఉప్పుమడిలో నిలబడ్డ సమాధానం అన్నని చూశాడు. చేతిలో పార జారిపోయింది. కొట్టడానికి వస్తున్నాడేమో అనుకున్నాడు పాపం. కదలకుండా నిలబడ్డాడు.

"ఆ రోజు కూజా కడిగావా?" అన్నాడు ఏలీషా.

"కడిగాను అన్నయ్యా."

"మరి అది నీ తప్పు కాదని నాతో ఎందుకనలేదురా!"

సమాధానం హెప్సిబా వైపు చూశాడు. తర్వాత తలొంచుకుని మెల్లిగా అన్నాడు, "పగిలింది దగ్గుమందు సీసా. ముక్కలు నేనే ఏరాను. చూడగానే తెలిసిపోయింది."

అంటే ఏంటో అర్థమైందా చిట్టీ? ఆయనకి తెలుసు! ఆ రోజే తెలుసు! తెలిసి జుట్టు పట్టించుకున్నాడు. తెలిసి ఊరవతలకి పోయాడు.

హెప్సిబా కొంగు జారిపోయింది. "తెలిసి కూడానా చిన్నాన్నా?" అంది.

"పిల్లకి కన్ను పోయింది అన్నయ్యా. తప్పు కూడా దాని నెత్తినే పెట్టమంటావా?" అన్నాడు సమాధానం.

అప్పుడు ఏలీషా ఏం చేశాడనుకున్నావు? పెద్దవాడు, ముసలాడు, తమ్ముడి కాళ్ళు పట్టుకోడానికి ఆ ఉప్పునీళ్ళలోకి వంగాడు! చుట్టూ పనివాళ్ళంతా చేస్తున్న పని ఆపేసి చూస్తున్నారు. సమాధానం అడ్డంపడి ఆయన్ని రెండు చేతులా లేపేశాడు. "నాకు పాపం చుట్టబెట్టకు అన్నయ్యా, లే, లే" అంటూ తనూ ఏడ్చేశాడు.

ఆ తర్వాత అందర్నీ గుడిసెకి తీసుకెళ్ళాడు. అక్కడ ఆయన భార్య దీనమ్మ చేపలపులుసు కాస్తోంది. గుమ్మంలో బావగారిని చూసి బిత్తరపోయింది. జరిగిందంతా విని, గరిట పట్టుకున్న చెయ్యి అలా గాల్లోనే ఉండిపోయింది. ఎందుకంటే మొగుడు ఆ నిజం ఆవిడతో కూడా చెప్పలేదు!

"ఏమయ్యా! నీ నిర్లక్ష్యం వల్లే కొంప కూలిందని ఇన్నేళ్ళూ నిన్ను తిట్టిపోశాను కదయ్యా నేను! నాతో అయినా చెప్పకూడదూ?" అంది.

"చెబితే తిట్టడం మానేసేదానివా ఏంటి?" అన్నాడు సమాధానం.

ముందు హెప్సిబా నవ్వింది. ఆ తర్వాత తబితమ్మ నవ్వింది. ఆ తర్వాత ఏలీషా. దీనమ్మ మాత్రం నవ్వలేదు. కళ్ళు తుడుచుకుంటూ, హెప్సిబాని పక్కన కూర్చోబెట్టుకుని, చేప ముళ్ళు తీసి చంటిపిల్లకి పెట్టినట్టు అన్నం కలిపి పెట్టింది.

ఆ ఏటి క్రిస్మస్ వెళ్ళాక చిమ్నీల వీధిలో పొయ్యి మళ్ళీ వెలిగింది. ఏలీషాకి ఊదే బలం లేదు. హెప్సిబా ఊదింది, సమాధానం వెండినీళ్ళు పోశాడు. మొదట్లో అన్నీ వంకరే వచ్చాయి. ఒక చిలకైతే అచ్చం కప్పలా వచ్చింది. దాన్నే ఏలీషా అందరికీ చూపించుకుని తిరిగాడు.

అదీ సంగతి. ఇంక కళ్ళు మూసుకో.

కథేమో కంచి దారి పట్టింది,
కునుకేమో మన తలుపు తట్టింది.
తలగడ నీకు, జోలపాట నాకు,
మాటాడకు తల్లీ, మెలకువ రానీకు!