ఇంటింటికీ వెళ్ళిన సువార్త

దుప్పటి కప్పుకో చిన్నీ. కాళ్ళు ఆడించకు. నేను చెప్తూ ఉంటా, నువ్వు ఊఁ కొడుతూ ఉండు.

అనగనగా ఒక ఊళ్ళో, ఏటి ఒడ్డున తుంగ ఏపుగా పెరిగే ఊళ్ళో, సువార్త అనే ఆవిడ ఉండేది. సువార్త అంటే మంచి కబురు. యేసయ్య మనల్ని ప్రేమించాడన్న కబురు. వాళ్ళ నాన్న ముచ్చటపడి ఆ పేరు పెట్టుకున్నాడు. పిల్ల నోట్లోంచి మాటే రాదని పాపం ఆయనకేం తెలుసు!

సువార్త తుంగతో చాపలు అల్లేది. చేతులు చకచకా ఆడేవి గానీ నాలుక మాత్రం కదిలేది కాదు. ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పమనేవాళ్ళు. అంటే, దేవుడు తనకు చేసిన మేలేదో లేచి నలుగురికీ చెప్పడం అన్నమాట. సువార్త లేచేది. "అందరికీ వందనాలు" అనేది. కూర్చునేది. అంతే సాక్ష్యం!

ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకొని నవ్వేవాళ్ళు. "పేరేమో సువార్త, నోటికేమో తాళం" అనేవాళ్ళు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకు ఏడుపు ముంచుకొచ్చేది. ఇంత మంచి పేరు పెట్టుకొని దేవుడికి ఎందుకూ పనికిరాకుండా పోయానే అని లోలోపల కుమిలిపోయేది.

ఒక ఆదివారం చర్చి పాస్టరు అయ్యగారు ప్రసంగం ముగించి, వెనక వరసకేసి చూస్తూ గట్టిగా అన్నారు. "ఈ వారం సువార్త ఇంటింటికీ వెళ్ళాలి!"

వెనక వరసలో తలుపు పక్కన ఎవరు కూర్చున్నారనుకున్నావ్? మన సువార్తే. 'నేనా? ఇంటింటికా?' అని బిక్కచూపులు చూసింది. అంతలో అందరూ కలిసి "ఆమేన్" అనేశారు. అంతమంది ఆమేన్ అన్నాక ఇంక కాదనేదెలా?

నవ్వకు! అయ్యగారు చెప్పింది యేసయ్య కబురు గురించేనని నీకూ నాకూ తెలుసు. ఆ పిచ్చితల్లికి తెలియదుగా.

మర్నాడు పొద్దున్నే సువార్త ఉతికిన చీర కట్టుకుంది. వట్టి చేతులతో ఏం వెళ్తామని, అల్లడం పూర్తయిన చాప ఒకటి చంకన పెట్టుకుంది. 'ప్రభువా, వెళ్ళడమైతే వెళ్తున్నాను, వెళ్ళి ఏం చెయ్యాలో నువ్వే చూడు' అనుకుంటూ బయల్దేరింది.

మొదటి ఇల్లు నూకరాజు తాతది. తాత అరుగు మీద కూర్చొని ఉన్నాడు.

"ఏమ్మా, ఇలా వచ్చావు?"

"అయ్యగారు వెళ్ళమన్నారు తాతా."

"వెళ్ళి ఏం చెయ్యమన్నారు?"

"అది చెప్పలేదు."

తాత బోసినోటితో పకపకా నవ్వాడు. అప్పుడు సువార్త కంటికి తాత మంచం కనబడింది. నులక సాగిపోయి ఉయ్యాలలా వేలాడుతోంది. అందులో పడుకుంటే నడుం ఏమైపోవాలి? ఆమె చాప పక్కన పెట్టి, కొంగు దోపుకొని, నులకంతా లాగి బిగించింది. తాత పడుకొని చూసి, "అబ్బ, ప్రాణం లేచొచ్చింది తల్లీ" అన్నాడు.

ఆ తర్వాత రెండో ఇల్లు. అక్కడ అప్పలకొండ అనే బాలింత ఉంది. పసివాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు, వాడితో పాటు వాళ్ళమ్మా ఏడుస్తోంది. ఇక్కడ ఎందుకొచ్చావని అడిగే తీరిక కూడా ఎవరికీ లేదు. సువార్త పీట వేసుకొని, కాళ్ళు చాపి, పసివాణ్ణి కాళ్ళ మీద పడుకోబెట్టుకుంది. ఒళ్ళంతా నూనె రాసి, గోరువెచ్చని నీళ్ళు పోసింది. సాంబ్రాణి పొగ వేసింది. వాడు ఆవులించి నిద్రపోయాడు. చూస్తే వాళ్ళమ్మ కూడా గోడకు ఆనుకొని నిద్రపోతోంది. సువార్త చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి వచ్చేసింది.

ఆ తర్వాత మూడో ఇల్లు వచ్చింది. అప్పుడు సువార్త కాళ్ళు ఆగిపోయాయి.

అది రాహేలు ఇల్లు. సువార్తకు వదిన వరస. వానాకాలంలో రాహేలు భర్త జ్వరం తగిలి చనిపోయాడు. అప్పుడు పరామర్శకు వచ్చినవాళ్ళంతా "ఏడవకూడదు, అంతా దేవుడి చిత్తం" అని తలా ఒక మాట చెప్పారు. రాహేలుకు ఒళ్ళు మండిపోయింది. అందరినీ బయటికి పంపి తలుపేసుకుంది. అయ్యగారు వచ్చినా తియ్యలేదు. చర్చి మొహం చూడటమే మానేసింది. సువార్తకు ఆ వదినంటే ప్రాణం. కానీ ఏం మాట్లాడాలో తెలియక ఇన్నాళ్ళూ ఆ వీధిలోకే రాలేదు.

వెనక్కి పోదామనుకుంది. కానీ ఇంటింటికీ అన్నారు కదా! ఆ ఇల్లొక్కటీ వదిలేస్తే ఎలా? చంకలో చాప సర్దుకొని తలుపు తట్టింది.

"ఎవరు?"

"సువార్త."

లోపల్నించి రాహేలు అరిచింది. "నాకే సువార్తా వద్దు! ఒకసారి చెప్తే అర్థం కాదా? పొండి!"

పాపం, ఈవిడా పొరబడింది చూశావా. సువార్త కంగారుగా తలుపుకు నోరు ఆనించి, "ఆ సువార్త కాదు వదినా, నేను. చాపలల్లే సువార్తని" అంది.

లోపల గడియ తీసిన చప్పుడు వినబడింది.

రాహేలు ఎంత చిక్కిపోయిందనీ! జుట్టు చిక్కులు పడిపోయింది. పొయ్యిలో నిప్పు లేదు. "ఏం చెప్పడానికి వచ్చావు?" అంది.

"నాకేం చెప్పడం వచ్చు వదినా?" అంది సువార్త. అంటూనే ఆమె కళ్ళ నీళ్ళు జలజలా రాలాయి.

అంతే. రాహేలు ఆమెను పట్టుకొని భోరుమంది. సువార్త ఏడవొద్దనలేదు. చాప పరిచి, పక్కన కూర్చోబెట్టుకొని, తనూ ఏడ్చింది. అప్పుడు పొయ్యి వెలిగించి చోడిజావ, అదే రాగిజావ, కాచింది. రాహేలు తాగేదాకా ఊరుకోలేదు. ఆ తర్వాత నూనె రాసి తల దువ్వి జడ వేసింది. ఇక లేచి వెళ్ళబోతుంటే రాహేలు కొంగు పట్టుకుంది.

"ప్రార్థన చెయ్యవా?"

"నాకు పెద్ద ప్రార్థనలు రావు వదినా."

"చిన్నదే చెయ్యి."

సువార్త కళ్ళు మూసుకుంది. "ప్రభువా, మా వదినకి కంటి నిండా నిద్ర ఇవ్వు" అంది. రాహేలు ఆ చాప మీదే ఒరిగి నిద్రపోయింది. సువార్త చాప అక్కడే వదిలేసి వచ్చింది.

మళ్ళీ ఆదివారం వచ్చింది. "ఏమర్రా, సువార్త ఇంటింటికీ వెళ్ళిందా?" అని అడిగారు అయ్యగారు. అందరూ తలలు దించుకున్నారు. అప్పుడు వెనక వరసలో సువార్త లేచింది.

"వెళ్ళానండి అయ్యగారూ. మూడిళ్ళకే వెళ్ళగలిగాను. మిగతావాటికి ఈ వారం వెళ్తానండి."

చర్చి చర్చంతా గొల్లున నవ్వింది. అప్పటికి గానీ సువార్తకు సంగతి అర్థం కాలేదు. సిగ్గుతో చచ్చిపోయి కొంగులో మొహం దాచుకుంది.

అంతలో గుమ్మంలోంచి ఒక గొంతు వినబడింది. "ఎందుకు నవ్వుతారు?"

అందరూ తిరిగి చూశారు. చంకలో చాపతో రాహేలు నిలబడి ఉంది.

"సువార్త మా ఇంటికి వచ్చింది అయ్యగారూ" అంది రాహేలు. "నేనే తలుపు తీశాను."

అయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "సువార్తమ్మా, సాక్ష్యం చెప్తావా తల్లీ?" అన్నారు.

సువార్త లేచింది. "అందరికీ వందనాలు" అంది. కూర్చుంది.

ఆ రోజు ఎవరూ నవ్వలేదు. రాహేలు చాప పరిచి ఆమె పక్కనే కూర్చొని, అందరికంటే గట్టిగా "ఆమేన్" అంది.

ఊఁ కొట్టవేం? కళ్ళు మూతలు పడుతున్నాయా? సరే అయితే.

కథ నడిచింది కంచికి,
చాప చేరింది ఇంటికి,
సువార్త ప్రతి వాకిటికి,
నిద్ర నీ చిన్ని కంటికి.