ఈరవ్వ నాలుక

చెప్పడం నా వంతు, ఊఁ కొట్టడం మీ వంతు. మన తాతల తాతలు కూడా పుట్టని కాలంలో, అనగనగా నల్లగుట్ట మీద ఒక బురుజు ఉండేది. మూడంతస్తుల రాతి బురుజు. కింద గొడ్లు, నడుమ గింజలు, పైన దొర. శత్రువులు మూడుసార్లు వచ్చి మూడుసార్లూ ఉత్త చేతులతో తిరిగిపోయారు. ఎవరికీ లొంగని ఆ బురుజు ఒక్క పిడుగుకు లొంగింది. పడమటి గోడ నిలువునా చీలింది.

దొర పేరు రేచపతి. తొందర మనిషి. "వానలు పడేలోపు గోడ లేవాలె" అన్నాడు. రాళ్లు పేర్చే పని మేస్త్రీ తిప్పయ్యది. సున్నం పని ఈరవ్వది. ఈరవ్వ ముసలిది, మొగుడూ పిల్లలూ లేనిది. సున్నపు గానుగకు కట్టిన ఎద్దును తోలుతూ, నానిన సున్నంలో ఇసుక వేసి, బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు పోసి నూరేది. చివరికి చిటికెడు తీసి నాలుక మీద వేసుకునేది. మండితే పచ్చిది. చల్లగా ఉంటే మాగినట్టు.

ఆ రోజు వేసుకుంది, తుపుక్కున ఉమ్మింది.

"పచ్చిది దొరా. ఇంకా మూడు నెలలు నాననియ్యాలె."

"నీ నాలుక చెప్తే నేను ఆగాల్నా?" అని దొర నవ్వాడు.

గోడ లేపారు. మిట్టమధ్యాహ్నం కూలింది. మళ్లీ లేపారు. మళ్లీ మిట్టమధ్యాహ్నమే కూలింది. సోదె చెప్పేవాణ్ణి పిలిపిస్తే, బురుజు ప్రాణం అడుగుతోందన్నాడు. ఎవరి ప్రాణం? అడిగే దిక్కులేని వాళ్లదే కదా ఎప్పుడైనా! అందరి కళ్లూ గానుగ వైపు తిరిగాయి. ఇక్కడికి వచ్చేసరికి నాకు ప్రతిసారీ ఒళ్లు మండుతుంది, అయినా చెప్పాలి.

ఈరవ్వను చీలికలో నిలబెట్టారు. తిప్పయ్య ఏడుస్తూ రాయి మీద రాయి పేర్చాడు.

"ఏడ్వకు బిడ్డా. నువ్వు పెట్టకుంటే ఇంకొకడు పెడతడు" అంది ఆమె. చివరి రాయి పెట్టబోతుంటే వేలితో కాస్త సున్నం తీసి నాలుక మీద వేసుకుంది. "తిప్పయ్యా, ఇంకా పచ్చిదే."

చివరి రాయి పడింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం గోడ కూలింది. రాళ్లన్నీ తీసి చూశారు. ఈరవ్వ లేదు. ఒక ఎముక లేదు, ఒక బట్ట పీలిక లేదు. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. మరి దొరే మొండివాడైతే చెప్పేదేముంది?

"తిప్పయ్యా, ఈసారి కూలకుండా లోపల నిలబడేది నువ్వే. రేపే" అన్నాడు.

తిప్పయ్య సున్నం నూరే గుంత దగ్గరికి పోయాడు. పొద్దు గూకుతోంది. ఎద్దు లేదు, మనిషి లేదు, గానుగ రాయి మాత్రం తనంతట తానే తిరుగుతోంది.

"అవ్వా, మాగిందా?"

"పచ్చిదే."

ఆ గొంతు గానుగలోంచి రాలేదు. తిప్పయ్య నోట్లోంచే వచ్చింది. నాలుక భగ్గుమంది.

ఈ సంగతి విన్న దొర నమ్మలేదు. మర్నాడు తిప్పయ్యను రెక్క పట్టుకుని గుంత దగ్గరికి ఈడ్చుకొచ్చి, "ఏదే ముసలీ, మాగిందా?" అని అరిచాడు. "పచ్చిదే" అని దొర నోరే జవాబిచ్చింది. నాలుక పొక్కి వాచిపోయింది. తిప్పయ్యను గోడలో పెట్టమని చెప్పడానికి దొరకు మాట రాలేదు. ఒక నెల రాలేదు, రెండు నెలలు రాలేదు, మూడు నెలలు రాలేదు. అందరూ ఆగారు.

అప్పుడు తిప్పయ్య మళ్లీ అడిగాడు. జవాబు రాలేదు. చిటికెడు నాలుక మీద వేసుకున్నాడు. మజ్జిగలాగా చల్లగా ఉంది. గోడ లేపారు. అది ఈనాటికీ కదల్లేదు. దాని కింద ఏ ప్రాణమూ లేదు. తిప్పయ్య మాత్రం ఆ గోడకు తల ఆనించి, "మూడు నెలలు ఆగితే అవ్వ బతికేది గదా" అని చచ్చేదాకా ఏడ్చాడు.

ఆ చుట్టుపక్కల ఇప్పటికీ ఇల్లు కట్టించుకునేవాడు తొందరపెడితే మేస్త్రీలు గొడవపడరు. చిటికెడు సున్నం అతని చేతిలో పెట్టి, "నాలుక మీదేసుకొని అవ్వనడుగు" అంటారు. ఇంతవరకు అడిగినవాడు లేడు.