పైనుంచి చూసినవాడు

యజ్ఞన్నశాస్త్రి గారికి ఒక అలవాటు. శిష్యుడి ప్రశ్న ఎంత పెద్దదైతే ఆయన అంత చిన్న సంగతి ఎత్తుకునేవారు. ప్రమాణాలకు ఆయన దగ్గర కొరత లేదు. కాని వాటిని పాఠం వరకే ఉంచేవారు, జవాబులోకి రానిచ్చేవారు కారు.

రాజమండ్రిలో ఆయన ఇంటి వరండాలో వేదాంత పాఠం నడుస్తున్న ఒక ఆదివారం, సాక్షి అన్న మాట దగ్గర త్రినాథ్ అనే శిష్యుడు ఆగిపోయాడు. పగలు ఉద్యోగం చేసుకుంటూ, దొరికిన వేళల్లో శ్రద్ధగా చదువుకునేవాడు అతను. ఈ మధ్య ఇంట్లో వాళ్ళతో కూడా మాటలు తగ్గించాడనీ, దాన్నే సాధన అనుకుంటున్నాడనీ గురువుగారి చెవిన పడింది.

"అన్నిటినీ దూరంగా నిలబడి చూడటం ఒక్కటి నేర్చుకుంటే చాలదా అండీ?" అని అడిగాడు త్రినాథ్. "చేసేవాడికి గదా పాపమూ పుణ్యమూ. చూసేవాడి వల్ల ఎవరికేం నష్టం?"

గురువుగారు పుస్తకం మూశారు. తనకు తెలిసిన ఒకాయనకు జరిగిన సంగతి చెబుతానన్నారు. ఆయన చెప్పింది ఇది.

కాశీపతి కాకినాడలో ఇళ్ళకు ప్లాన్లు గీసే ఇంజనీరు. నెమ్మదస్తుడు. భార్య అంబుజను పల్లెత్తు మాట అని ఎరగడు. పిల్లలు లేని ఆ ఇంట్లో ఆయనకు ఆలస్యంగా పట్టుకున్న మోజు డ్రోన్. ఒకసారి కొన్నాక ఇక ఊళ్ళన్నీ ఆయనకు పైనుంచే కనిపించసాగాయి. యానాం వెళ్ళినా, కోరంగి వెళ్ళినా, కారు దిగగానే ముందు ఆకాశం వంక చూసేవాడు. పైనుంచి చూస్తే చెత్తకుప్ప కూడా అందంగానే ఉంటుందని నవ్వుతూ చెప్పేవాడు.

ఆ ఏడు వానలు వెనకపట్టాక మారేడుమిల్లి మీదుగా ఘాట్ రోడ్డులో చింతూరు దాకా వెళ్ళి రావాలని ఎన్నాళ్ళ నుంచో అనుకున్నారు. సరిగ్గా బయల్దేరే ముందు అంబుజ అక్క సీతారత్నానికి పిత్తాశయంలో రాళ్ళు తీసే ఆపరేషన్ అయింది. ఆమె ఉండేది రాజమండ్రిలోనే, చేరిన ఆసుపత్రీ అక్కడే. తల్లి పోయాక అంబుజను పెంచింది ఆ అక్కే. జడ వేసి బడికి పంపింది ఆమే, పక్క వీధిలో సైకిలు నేర్పిస్తూ వెనకాలే పరుగెత్తింది ఆమే. అంబుజ ప్రయాణం మానేస్తానంటే సీతారత్నం ఒప్పుకోలేదు.

"నా మొహం చూస్తూ కూర్చుంటే కుట్లు తొందరగా మానతాయా ఏమిటే? సాయంత్రానికి వచ్చేస్తారుగా, వెళ్ళిరా" అంది. పైగా కొండల్లో పొగమంచు ఎలా ఉందో వచ్చి చెప్పమంది.

తెల్లవారగానే రాజమండ్రి దాటారు. గోకవరం పోయాక అడవి మొదలైంది. మొదట ఒక వాగు వంతెన దగ్గర ఆగారు. కాశీపతి డ్రోన్ పైకి పంపి, వాగు రాళ్ళ మధ్య నుంచి పాములా తిరగడం తీశాడు. అంబుజ పక్కనే నిలబడి స్క్రీన్‌లోకి తొంగి చూసింది. రెండోసారి మారేడుమిల్లి దాటి, రోడ్డు పక్క బొంగుల్లో కోడికూర కాలుస్తున్న పొగ దగ్గర ఆగారు. అప్పటికి ఆమె చూడటం మానేసి కారులోనే కూర్చుంది. ఇద్దరూ కలిసి చూసే వీలు అందులో లేదు. ఎండ పడుతున్న చోట స్క్రీన్ కనబడాలంటే ఆయన దాని మీదికి వంగి, చేతులు అడ్డం పెట్టుకుని చూడాలి. "రెండు నిమిషాలు, అయిపోయింది" అనేవాడు ప్రతిసారీ. ఆమె సరేననేది.

మూడోసారి ఆగింది ఘాట్‌లో, పిట్టగోడ కట్టిన ఒక మలుపు దగ్గర. కింద లోయంతా తెల్లటి మంచు. చెట్లు అడ్డం వస్తున్నాయని కాశీపతి రోడ్డు పక్క కాలిదారి పట్టుకుని పైనున్న బోడి బండ మీదికి ఎక్కాడు. అంబుజ ఎక్కలేనంది. మోకాలు నొప్పి అని కొంత, ఆ మలుపు దగ్గర ఫోన్‌కి సిగ్నల్ వచ్చిందని కొంత. అక్కతో ఒక మాట మాట్లాడతానంది. కాశీపతి ఫోన్‌నే రిమోట్‌కి తగిలించి స్క్రీన్‌గా వాడతాడు. మధ్యలో కాల్ వస్తే బొమ్మ ఆగిపోతుందని దాన్ని ఎప్పుడూ ఫ్లైట్ మోడ్‌లో పెట్టేవాడు.

మంచు చెదురుతోంది. డ్రోన్ లోయ మీద నుంచి తిరిగి వస్తుంటే స్క్రీన్‌లో రోడ్డు కనిపించింది, మలుపు కనిపించింది, కారు కనిపించింది. కారు దగ్గర అంబుజ లేదు. కాలిదారి మధ్యలో ఉంది, ఒక చేత్తో చెట్టు కొమ్మ పట్టుకుని. ముదురు పసుపు చీర. చుట్టూ పచ్చదనం. ఇంత మంచి బొమ్మ ఆ రోజు మొత్తంలో పడలేదనిపించింది ఆయనకు. డ్రోన్‌ని ఇంకొంచెం దించాడు. ఆమె తలెత్తి చూసింది. కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత చెయ్యి పైకెత్తి ఊపింది, చాలాసేపు ఊపింది. ఆయన నెమ్మదిగా ఆమె చుట్టూ ఒక చుట్టు తిప్పి, పైకి లేపి, మళ్ళీ లోయ మీదికి మళ్ళించాడు.

కింద నుంచి కారు హారన్ వినిపించినట్టే ఉంది. ఘాట్ రోడ్డులో లారీలు మలుపు మలుపుకీ హారన్ కొడతాయి. బ్యాటరీ అయిపోతే దించి ఇంకోటి వేశాడు. అది మారుస్తుండగా ఒక బస్సు రాజమండ్రి వైపు దిగిపోతూ కనిపించింది. సూర్యుడు మబ్బు చాటు నుంచి వచ్చి లోయంతా వెలిగించాడు. ఆ వెలుగు ఉన్నంతసేపూ ఆయన కిందికి రాలేదు.

వచ్చేసరికి అంబుజ కారు తలుపు తీసి పట్టుకుని నిలబడి ఉంది. సామాను సర్దేసింది.

"వెళ్దాం పదండి. అక్కకి ఊపిరాడటం లేదట. నన్ను అడుగుతోందట" అంది.

కాశీపతి ఎంత జాగ్రత్తగా, ఎంత వేగంగా నడపగలడో అంతా నడిపాడు. ఘాట్ దిగే చోట ఒక లారీ అప్పుడే అడ్డం తిరిగి పడి ఉంది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు గాని, దారి మూసుకుపోయింది. ముందు వెళ్ళిన బస్సు దాటేసిందని అక్కడున్నవాళ్ళు చెప్పుకుంటున్నారు. ఆ మాట విని ఆయన స్టీరింగ్ మీద చేతులు అలాగే ఉంచి కూర్చున్నాడు.

ఆసుపత్రికి చేరేసరికి పొద్దువాలింది. నెత్తురు గడ్డ ఊపిరితిత్తులకు అడ్డం పడిందట. ఎవరూ ఊహించనిదట, ఎవరూ ఏమీ చేయగలిగింది లేదట. సీతారత్నం ప్రాణంతోనే ఉంది. కాని కళ్ళు తెరవలేదు. మధ్యాహ్నం దాకా స్పృహలోనే ఉందనీ, గుమ్మం వంకే చూసిందనీ కొడుకు చెప్పాడు. అంబుజ అక్క చెవి దగ్గర వంగి, కొండల్లో పొగమంచు ఎలా ఉందో చెప్పింది. చెట్లు సగం వరకే కనిపిస్తాయక్కా, మొదళ్ళు ఉండవు, అంది. ఆమె విన్నదో లేదో ఎవరికీ తెలియదు. ఆ సాయంత్రమే పోయింది.

కర్మలు అయిపోయి కాకినాడ వచ్చాక, ఒక మధ్యాహ్నం కాశీపతి ఆ రోజు తీసినవన్నీ తుడిపేద్దామని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. వాగు తుడిపేశాడు. లోయ తుడిపేశాడు. పసుపు చీర దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. చిన్న ఫోన్‌లో చూసింది వేరు, ఇంత పెద్దగా చూడటం వేరు. ఆమె చెయ్యి ఊపడం లేదు. అరచెయ్యి నేల వైపు పెట్టి, వేళ్ళు తనవైపుకి ముడుస్తోంది. మనం మనిషిని రమ్మని పిలిచేది అలాగే. పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్న సైగ అది.

అప్పుడు నాకు తెలియలేదని ఆయన తనకు తాను చెప్పుకోబోయాడు. ఆ మాట లోపల నిలవలేదు. కొంగుతో తుడుచుకున్నది చెమట కాదని ఆ రోజు బండ మీదే ఏదో మూల అనిపించింది. ఒక చుట్టు తిప్పి దిగుదాంలే అనుకున్నాడు. ఆ తర్వాత వెలుగు వచ్చింది.

వెనకాల అడుగుల చప్పుడు విని తిరిగి చూస్తే అంబుజ. ఆయన గబగబా ఆపబోతుంటే, ఉండనివ్వండి, అంది. కుర్చీ వెనక నిలబడి తనను తాను చివరిదాకా చూసుకుంది. డ్రోన్ పైకి లేచిపోతుంటే ఆమె చిన్నదై, చెట్లలో కలిసిపోయింది.

ఆయన ఒక్క మాట అడిగాడు. సగం దారి ఎక్కావు కదా, మిగతా సగం ఎందుకు ఎక్కలేదని.

"ఎక్కుతూనే ఉన్నానండీ" అంది అంబుజ. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండునని తర్వాత ఆయనకు చాలాసార్లు అనిపించింది. "ఇంతలో అది వచ్చి నా మీద ఆగింది. నన్ను చూశారు గదా అనుకున్నాను. ఇక వచ్చేస్తారని, సామాను సర్దుదామని వెనక్కి దిగిపోయాను."

ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది. కాసేపటికి అలవాటు ప్రకారం టీ పెట్టి తెచ్చింది. ఆయన తాగాడు. ఆ తర్వాత వాళ్ళిద్దరూ ఆ రోజు గురించి మాట్లాడుకోలేదు. తగువు పడలేదు, విడిపోలేదు. బయటివాళ్ళకి ఏ తేడా కనిపించదు. కాని ఇప్పుడు ఆమె పక్క గదిలోంచి మామూలుగా పిలిచినా, చెంబు అందుకోమనో తలుపు వెయ్యమనో, ఆయన చేతిలో పని చేతిలోనే వదిలేసి పరుగెత్తుకొస్తాడు. ఇంత కంగారేమిటండీ, అంటుందామె.

గురువుగారు చెప్పడం ఇక్కడితో ఆపారు. త్రినాథ్‌కి కాశీపతి మీద జాలేసింది. ఏదో ఒక విధంగా ఆయన్ని ఒడ్డున పడెయ్యాలనిపించింది.

"అయినా ఆయన చేసిందేమీ లేదు కదండీ. చూశాడు, అంతే" అన్నాడు.

"అవును నాయనా, చూశాడు" అన్నారు యజ్ఞన్నశాస్త్రి గారు లేస్తూ. "చూడకపోతే ఆవిడే ఎక్కి వచ్చేది."