పేరు పెట్టి పిలవని పాలెం

అనగనగా సముద్రం పక్కనే ఓ పాలెం. ఆ పాలెంలో ఓ అత్త, ఓ కొడుకు, ఓ కోడలు. అత్త పేరు అచ్చియ్యమ్మ. కోడలు పేరు నూకరత్నం. కొడుకు పేరా? ఆగండర్రా, ఈ కథంతా ఆ పేరు గురించే! ఇప్పుడే చెప్పేస్తే మీరు గుర్రు పెట్టి పడుకుంటారు. ఒరే బుజ్జీ, కాలు నా మీంచి తియ్యి. ఊ కొట్టండి మరి.

ఆ పాలెంలో ఆడవాళ్ళు మొగుడి పేరు పైకి అనకూడదు. అంటే మొగుడి ఆయుష్షు తరిగిపోతుందని భయం. మామగారి పేరు అసలే అనకూడదు, మర్యాద కాదు. అందుకని నూకరత్నం మొగుణ్ణి 'ఇదిగో' అని పిలిచేది. సరే, పెళ్ళాం పిలవదు, కన్నతల్లయినా పిలవచ్చు కదా? అదీ లేదు! ఆ పిల్లాడికి తాత పేరు పెట్టారు. తాతంటే అచ్చియ్యమ్మకి మామగారేగా? ఆ పేరు నోటితో ఎలా అంటుంది? పుట్టిననాటి నుంచీ వాణ్ణి 'పెద్దోడా' అనే పిలిచింది. వాళ్ళింట్లోనే కాదు, ఇంటింటా ఇదే తంతు. ఇంటికో పెద్దోడు, గుమ్మానికో ఇదిగో! పోనీ పడవలకైనా పేర్లుండవా అంటారేమో, ఏ పడవ మీద చూసినా 'గంగమ్మతల్లి' అనే రాసి ఉంటుంది. తల్లిని కాదని ఇంకో పేరు పెట్టే ధైర్యం ఎవరికుంది?

అలాంటి పాలేనికి పట్నం నుంచి ఓ మేష్టారమ్మ వచ్చింది. సంచిలోంచి దూరంగా ఉన్నవాళ్ళతో మాట్లాడే నల్లటి వైర్‌లెస్ సెట్లు తీసి, పడవకొకటి ఇచ్చింది. గట్టు మీదా ఒకటి ఉండాలంది. అచ్చియ్యమ్మ ఇల్లు ఇసక దిబ్బ మీద ఉంది కదా, ఆ సెట్టు వాళ్ళింట్లో పెట్టి, పొడుగాటి వెదురుకి తీగ కట్టి పైకెత్తించింది.

అంత ఎత్తెందుకమ్మా అని నూకరత్నం అడిగింది. పళ్ళెంలో నీళ్ళు పోసి వేలు ముంచితే చుట్టూ వలయాలు పోతాయే, మాట కూడా ఇందులోంచి అలాగే అలలా పోతుందని మేష్టారమ్మ చెప్పింది. ఆ అల కంటికి కనబడదు, చెవికి వినబడదు. అవతల ఇంకో సెట్టు దాన్ని పట్టుకుంటేనే మళ్ళీ మాటవుతుంది. ఎత్తు మీంచి వదిలితే దూరం పోతుంది, దూరం నుంచి వచ్చేదీ చిక్కుతుంది. మధ్యలో కొండ అడ్డొస్తే నీరసపడిపోతుంది. ఊ కొడుతున్నారా? ఒక్కడే కొడుతున్నాడేం? చిట్టీ, నువ్వు?

తర్వాత కుర్రకారునీ కొత్తకోడళ్ళనీ ఇసకలో కూర్చోబెట్టి పాఠం పెట్టింది. మీట నొక్కితే నోరు, మీట వదిలితే చెవి. నోరున్నప్పుడు చెవి లేదు, చెవి ఉన్నప్పుడు నోరు లేదు. ముందు విను. ఎవరూ మాట్లాడకపోతే నొక్కు. నొక్కి ఒక్క క్షణం ఆగు, అప్పుడు పలుకు. చెప్పాల్సింది చెప్పి, నా మాట అయిపోయిందని 'ఓవర్' అను. అని మీట వదులు. ఇద్దరు ఒక్కసారే నొక్కారా, ఇద్దరి మాటా గంగలో కలుస్తుంది!

అందరూ ఒకే అంకె మీద సెట్టు పెట్టుకోవాలని, అంకె మారితే మాట చేరదని కూడా చెప్పింది. అప్పలకొండని ఓ వెర్రిబాగులోడుండేవాడు. వాడు తనకి కలిసొచ్చే అంకె వేరే ఉందని దాని మీద పెట్టుకున్నాడు. నాలుగు రోజులు గొంతు చించుకున్నా ఎవరూ పలకలేదు. ఊరంతా నా మీద కక్ష కట్టిందని వాడు అన్నం మానేసి కూర్చున్నాడు. చివరికి వాళ్ళావిడ అంకె మార్చి అన్నం పెట్టింది.

ఇంకోటి కూడా చెప్పింది మేష్టారమ్మ. ఎవర్ని పిలుస్తున్నారో వాళ్ళ పేరు ముందు చెప్పాలి, తర్వాత మీ పేరు చెప్పాలి అంది. ఆ మాటకి కొత్తకోడళ్ళంతా కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు. ఎందుకు నవ్వారో ఆవిడకి ఒక్కరూ చెప్పలేదు. ఆవిడ పట్నం వెళ్ళిపోయింది.

ఓ మధ్యాన్నం పూట గట్టు సెట్టులో పట్నం రేవు నుంచి కబురొచ్చింది. పొద్దుగూకేలోగా పెద్ద ఈదురుగాలి, దగ్గర్లో ఉన్న పడవలు వెంటనే గట్టుకి రావాలి, దూరంగా ఉన్నవి ఏ కొండ చాటుకో పోవాలి అని. అంత దూరపు కబురు పడవల్లో బుల్లి సెట్లకి చిక్కదు. వెదురు మీద తీగకే చిక్కింది. పడవలన్నీ దగ్గర్లోనే ఉన్నాయి. నూకరత్నం మొగుడొక్కడే వంజరం చేప కోసం ఉత్తరంగా ఎంతో దూరం పోయాడు. అతను గట్టుకి బయల్దేరితే నడిసముద్రంలో గాలికి చిక్కుతాడు, అక్కడ దగ్గర్లో ఉన్న కొండ చాటుకే పోవాలి.

నూకరత్నం గబుక్కున మీట నొక్కి, ఇదిగో, నువ్వు కొండ చాటుకి పో అంది. సముద్రం మీద 'ఇదిగో' కాని మగాడెవడర్రా? అందరూ ఒక్కసారే మీటలు నొక్కారు, ఏటే అంటే ఏటే అని. సెట్టులో గుర్ర్ర్ తప్ప ఇంకేం లేదు. మా అత్త కొడుకా అంది. ప్రతివాడూ ఎవరో ఒకరి అత్త కొడుకే, గుర్ర్ర్! మా ఆడపడుచు అన్నా అంది. వాళ్ళూ బోలెడుమంది, గుర్ర్ర్! అచ్చియ్యమ్మ సెట్టు లాక్కుని ఓరి పెద్దోడా అని కేకేసింది. ఊరి పెద్దోళ్ళందరూ పలికారు.

అంతలో ఏమైందనుకున్నారు? గట్టు దగ్గరికి వచ్చేసిన అప్పలకొండ, నేనూ అత్త కొడుకునే కదా అని పడవని కొండ వైపు తిప్పేశాడు! వాడి వెనక ఇంకోటి తిరిగింది. పేరు పైకి అంటే ఆయుష్షు తరుగుతుందంటారు, అనకపోతే మనిషే దక్కడు. నూకరత్నం అత్త వైపు చూసింది.

"అత్తా, పేరెట్టి పిలవనా?"

అచ్చియ్యమ్మ సముద్రం వైపు చూసింది, కోడలి వైపు చూసింది. కళ్ళనీళ్ళు తుడుచుకుంది.

"నా సెవులు నాను మూసుకుంటానే పిల్లా. నువ్వు పిలు!" అని రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకుంది.

నూకరత్నం సెట్టు చెవికి ఆనించి, గుర్ర్ర్ చల్లారేదాకా ఓపిక పట్టింది. అప్పుడు నొక్కింది. ఒక్క క్షణం ఆగింది.

"కొర్లయ్యా! కొర్లయ్యా! నేను నూకరత్నాన్ని. నువ్వొక్కడివే కొండ చాటుకి పో. తక్కినోళ్ళందరూ గట్టుకి రండి. అప్పలకొండ బావా, నువ్వూ గట్టుకే! ఓవర్."

సముద్రమంతా నోరు మూసుకుంది. తప్పుదారి పట్టిన పడవలు వెనక్కి తిరిగాయి. కానీ కొర్లయ్య పలకలేదు. చాలాసేపటికి సెట్టు చిటపటమంది.

"సరిగ్గా ఇనపడలేదు. ఇంకోపాలి పిలు. ఓవర్."

కొర్లయ్యా అని మళ్ళీ పిలిచింది. గాలి హోరుగా ఉంది, ఇంకోపాలి అన్నాడు. అప్పటికి ఆ పిల్లకి అర్థమైంది. పెళ్ళయ్యాక మొదటిసారి ఆమె నోట తన పేరు విని ఆ మానవుడు మురిసిపోతున్నాడర్రా! చెవుడొచ్చిందా నీకు, కొండ చాటుకి పోతావా పోవా అని తిట్టింది. వెళ్తున్నా, వెళ్తున్నా అన్నాడు. సముద్రం మీద మగాళ్ళందరూ ఒకటే నవ్వులు.

గాలి వచ్చింది, ఊపింది, పోయింది. తెల్లారి కొర్లయ్య కొండ చాటు నుంచి బయల్దేరానని కబురు చేశాడు. నూకరత్నం జవాబు చెప్పబోతే, అచ్చియ్యమ్మ ఆమె చేతిలోంచి సెట్టు తీసుకుంది. నొక్కింది.

"కొర్లయ్యా... ఓరి నాయనా కొర్లయ్యా... గంజి కాసేను, బేగి రా!"

కన్న ఇన్నేళ్ళకి కొడుకుని పేరుతో పిలిచింది. పిలిచి భోరుమంది. మీట వదలడం మరిచిపోయింది. ఆ ఏడుపంతా పడవపడవకీ వినిపిస్తూనే ఉంది. అందరూ చెవులొగ్గి విన్నారు.

కొర్లయ్య ఇంటికొచ్చి గంజి తాగాడు. ఆయుష్షు తరగలేదు సరికదా, మనవలతో గుర్రం ఆట ఆడేదాకా బతికాడు. మరి అందులో నీతేంటంటే, నోరూ చెవీ ఒకేసారి పనిచెయ్యవు, మనుషులకైనా అంతే. ముందు వినండి. పిలవాల్సిన వాళ్ళని పేరు పెట్టి, ప్రేమగా పిలవండి.

కథ కంచికెళ్ళింది, పడవ గట్టుకెళ్ళింది, మీరిక దుప్పట్లోకెళ్ళండి.