దేశాయి పెట్టిన బడివేళ

రాజులున్న రోజుల్లో ఒక నేతగాళ్ల ఊళ్లో, ఎండెక్కకముందే వీధిలో పడుగు నూలు పొడవునా చాచి గంజి పెట్టేవారు. దానికి పిల్లల చేతులూ కావాలి. ఊరి పెత్తనం చేసే దేశాయి ఎవరినీ అడక్కుండా సరిగ్గా ఆ వేళకే బడి పెట్టాడు. మనవరాలికి చదువు రావాలని పట్టుదలగా ఉన్న చౌడమ్మ వేళ మార్చమంది.

"ఊరందరి బదులు నేనొక్కణ్ణి ఆలోచిస్తే చాల్లేవే," అన్నాడు దేశాయి.

చౌడమ్మ ఊరుకోలేదు, ఇల్లిల్లూ తిరిగి మాట్లాడింది. రాజుగారు బడి చూడవచ్చిన రోజున లోపల దేశాయి కొడుకొక్కడే కూర్చుని ఉన్నాడు.

"తక్కిన పిల్లలేరీ?" అన్నారు రాజుగారు.

"అందరి బదులు దేశాయిగారొక్కరే ఆలోచిస్తున్నారు ప్రభూ. అలాగే అందరి బదులు వాళ్లబ్బాయొక్కడే చదివితే సరిపోతుందనుకున్నాం," అంది గుమ్మం దగ్గరున్న చౌడమ్మ.

దేశాయి తల దించుకున్నాడు. రాజుగారు నవ్వాపుకుని, "అయితే బడి ఎప్పుడుండాలో నువ్వే చెప్పమ్మా," అన్నారు.

"నేనొక్కదాన్నే చెబితే మళ్లీ ఇదే కథ కదా ప్రభూ. అందరినీ కూర్చోబెట్టి అడగండి."