రెండు వేళ్ల అడుగులు

ఆ ఊళ్లో ఏ వస్తువూ పాతబడేది కాదు. గీత పడగానే పారేసి కొత్తది తెచ్చుకునేవాళ్లు. అక్కడ పెరిగే పిల్లలు తుప్పునూ మసినీ చూసి ఎరగరు.

సముద్రం దాటి వచ్చి ఆ ఊళ్లో కాపురం పెట్టిన ఒక తల్లికి ఇది దిగులు పట్టించింది. తామెక్కడి వాళ్లో కూతురికి తెలియకుండానే పోతుందేమోనని ఆమె భయం. అందుకని ఒక బొమ్మరిల్లు చెయ్యడానికి పూనుకుంది. తాను పెరిగిన అద్దె వాటా, అందులో వంటగది, గుమ్మం ముందు చారెడు వాకిలి. వాటితో ఆడుకుంటూ పిల్ల తన ఇంటిని తెలుసుకోవాలి.

చెయ్యడం సులువే. పాతవిగా చెయ్యడమే కష్టం. గోడలకు టీ డికాషన్ పూసి పసుపెక్కించింది. బకెట్ అడుగున ఇటుకరంగు అద్ది తుప్పు పట్టించింది. గోరంత చెంబుకు ఇత్తడి రంగు వేసి, మెడ మడతలో మాత్రం నలుపు వదిలింది. చింతపండుతో ఎంత తోమినా ఆ నలుపు పోదని ఆమెకు తెలుసు. రుబ్బురోలుకు బొగ్గుపొడి పట్టించి, కుడివైపు అంచును గుడ్డతో రుద్ది నునుపు చేసింది. ఆమె అమ్మ చెయ్యి అక్కడే ఆనేది.

ఆ గుమ్మంలో తన వేలు పట్టదు. అందుకని కప్పు ఎత్తి, పట్టకారుతో ఒక్కొక్కటీ లోపల పెట్టేది.

"ఆడుకోనా అమ్మా?" అని కూతురు రోజూ అడిగేది.

"అప్పుడే కాదు. ఒక్కటి తప్పుగా ఉన్నా నువ్వు తప్పే నేర్చుకుంటావు. ముట్టుకోకు తల్లీ."

చివరికి వార్నిష్ ఒక్కటే మిగిలింది. అది పూస్తే రంగులు ఇక కదలవు. అప్పుడు పిల్ల చేతికి ఇవ్వొచ్చు.

వార్నిష్ సీసా తెచ్చిన రోజున తల్లి రోలు వైపు చూసి అలాగే నిలబడిపోయింది. ఎడమవైపు అంచున బొగ్గుపొడి లేదు. అక్కడ రోలు మెరుస్తోంది.

ఆమె మళ్లీ పొడి అద్ది ఆ మెరుపును కప్పేసింది. మర్నాడు మళ్లీ అదే చోట అరిగింది. మళ్లీ దిద్దింది. మళ్లీ అరిగింది. ఎలుకేమో అనుకుంది, కానీ ఆ ఊళ్లో ఎలుకలు కూడా లేవు. పిల్ల మీద అనుమానం రాలేదు. చెప్పిన మాట వినే పిల్ల. కుడిచేత్తో తినమంటే కుడిచేత్తోనే తినేది. తల్లికి అన్నం సయించలేదు. తన జ్ఞాపకమే తప్పేమో, అమ్మది ఎడమచేతి వాటమేమో అని కూడా అనిపించింది.

భర్తను నిలదీసింది.

"నేనా?" అని అతను బొటనవేలు చూపించాడు. "ఇది ఆ గుమ్మంలో దూరితే చెప్పు, రేపట్నుంచి ఈ ఇంట్లో పిండి నేనే రుబ్బుతా."

"నవ్వులాటగా ఉందా మీకు? దానికి ఇవ్వడానికి నా దగ్గరున్నది ఇదొక్కటే. అది నా కళ్లముందే చెరిగిపోతోంది."

అతను నవ్వడం ఆపేశాడు.

మర్నాడు ఆమె బొమ్మరింటి వాకిలి నిండా సన్నటి బియ్యప్పిండితో ముగ్గు వేసింది. లోపలికి వెళ్లేది ఎవరైనా అది తొక్కక తప్పదు. దొరికినా దొరక్కపోయినా ఇవాళ పూత పూసెయ్యడమేనని వార్నిష్‌లో కుంచె ముంచి, తలుపు చాటున నిలబడింది.

కూతురు బడి నుంచి వచ్చింది. సంచి దించి, అటూ ఇటూ చూసింది. ఎడమచేతి రెండు వేళ్లను కాళ్లలా ఆడిస్తూ వాకిట్లోకి నడిపించింది. ముగ్గు ముందు వేళ్లు ఆగాయి. పక్కనుంచి వెళ్లడానికి చోటు లేదు. కాసేపు ఆలోచించి, తొక్కాయి. గుమ్మం దాటి వంటగదిలోకి వెళ్లి, రోలు పక్కన కూర్చున్నాయి.

"ఏం చేస్తున్నావే?" అంటూ తల్లి తలుపు చాటు నుంచి బయటికి వచ్చింది.

పిల్ల చెయ్యి గుమ్మంలోనే ఉండిపోయింది.

"పిండి రుబ్బుతున్నా."

"ఎడమచేత్తోనా?"

"నా చెయ్యి ఇదే కదమ్మా." పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేను రోజూ కష్టపడి దాన్ని పాతది చేస్తుంటే, నువ్వు రోజూ కొత్తది చేసేస్తున్నావు."

తల్లి రోలు మీదికి వంగింది. రోలు కుడి అంచు తాను ఒక్క పూటలో రుద్దినది. ఎడమ అంచు ఎన్నిసార్లు కప్పినా మళ్లీ బయటపడినది. ఆమె రెండింటినీ మార్చి మార్చి చూస్తూ ఉండిపోయింది. కుంచె కొసన వేలాడుతున్న వార్నిష్ చుక్క నేల మీద పడి, అక్కడే గట్టిపడింది.

సీసా మూత పెట్టనే లేదు. తెల్లారేసరికి లోపలిదంతా బిగిసిపోయింది.

ఆమె మాత్రం పొద్దున్నే మళ్లీ ముగ్గు వేసింది. సాయంత్రానికి అందులో రెండు జతల అడుగులు ఉన్నాయి. చిన్నవి గుమ్మం దాటి లోపలికి వెళ్లాయి. పెద్దవి గడప దాకా వచ్చి, అక్కడ ఆగాయి.