నాంచారమ్మ కొలత

అనగా అనగా ఒక ఊరు అని మొదలెడితే ఏ ఊరని అడుగుతారు. ఊరు కాదు, ఏటిగట్టు పొడుగునా పదహారు ఊళ్లు. ఎప్పుడని అడుగుతారు. అచ్చు పుస్తకం కొత్తగా వచ్చిన రోజులు, అంతవరకే తెలుసు. ఊఁ కొడుతూ వినండి మరి. ఊఁ కొట్టకపోతే కథ మధ్యలో ఆగిపోతుంది, ఆగిన కథ మంచిది కాదంటారు పెద్దలు.

ఆ పదహారు ఊళ్లకీ ఒక్కతే గాజులమ్మి. పేరు నాంచారమ్మ. మనిషి పొట్టి, నోరు పొడుగు. తాళ్లకి గాజులు గుచ్చిన మలారం కుడి భుజాన వేలాడేది. ఎడమ చంకలో ఓ మూట ఉండేది. ఆ మూటలో పుస్తకాలు! గాజులమ్మికి పుస్తకాలేమిటని ముక్కున వేలేసుకుంటున్నారా? అదే చెప్పుకోవాలి ముందు.

పట్నంలో గాజుల షావుకారు గాజులు పగలకుండా పాత పుస్తకాలు చింపి చుట్టేవాడు. ఓనాడు ఏనుగు బొమ్మున్న పుస్తకం చింపబోయాడు.

"అయ్యయ్యో, ఆగండి షావుకారుగారూ! ఏనుగు తొండం తెగుతుందండీ!" అంది నాంచారమ్మ.

"తెగితే నీకేం నొప్పే? కథ తింటే కడుపు నిండుతుందా?"

"గాజులు తింటే నిండుతుందేంటండీ? మరి అవి అమ్మట్లేదా మీరు?"

షావుకారు పడీపడీ నవ్వాడు. "నీ నోట్లో నోరు పెట్టలేనే తల్లీ. పుస్తకాలు పట్టుకుపో, గాజులు గడ్డిలో చుట్టుకో" అన్నాడు. ఆనాటి నుంచి గాజులకి వరిగడ్డి, నాంచారమ్మకి పుస్తకాలు.

చిన్నప్పుడు వాళ్ల నాన్న నేర్పిన నాలుగు అక్షరాలున్నాయి ఆమెకి. గట్టు మీద నడుస్తూ, వేలు పెట్టి కూడబలుక్కుంటూ ఒక్కో పుస్తకమే చదివేది. తను చదవని పుస్తకం ఎవరికీ ఇచ్చేది కాదు. ఓ వారం ఇచ్చి, మళ్లీ ఆ ఊరు వచ్చినప్పుడు తీసుకుని ఇంకోటి ఇచ్చేది.

ఎవరికి ఏ కథ? అదీ అసలు సంగతి. గాజు తొడగాలంటే ముందు చెయ్యి పట్టుకోవాలి. బొటనవేలి కింద ఒత్తి, కణుపులు ఒత్తి, చెయ్యి ఎంత ముడుచుకుంటుందో చూడాలి. గాజు బిగువైతే పగిలి చెయ్యి కోస్తుంది, వదులైతే నీళ్ల దగ్గర జారిపోతుంది. కథా అంతేనని నాంచారమ్మ నమ్మకం. అందుకే గుమ్మంలో కూచోగానే ఒకటే పాట పాడేది: "చెయ్యి చూడందే గాజు లేదు, చెయ్యి చూడందే కథ లేదు."

వేళ్లన్నీ ఎంగిలైన బుజ్జిచెయ్యి దొరికితే, "ఈ ఈడువాళ్లు పుస్తకం చదవరమ్మా, కొరుకుతారు" అని గుడ్డపుస్తకం ఇచ్చేది. పాతచీర ముక్కలు కుట్టి, బొగ్గుతో, పసుపుతో, ఆకుపసరుతో తనే బొమ్మలేసిన పుస్తకం అది. అక్షరం ఒక్కటుండదు. బొమ్మలు వెయ్యడం మాత్రం నాంచారమ్మకి బొత్తిగా రాదు, ఉన్నమాట చెప్పుకోవాలి.

గోళ్లలో మట్టి, మోచేతి మీద దెబ్బ ఉంటే, "నీకు రాకాసి కావాల్రా అబ్బీ. ఎంత రాకాసి?" అనేది.

"ఇంటంత!"

"ఇంటంత రాకాసైతే పక్క తడుపుతావు. ఈసారికి గొడ్లపాకంత చాలు."

ఇంకొన్ని చేతులు చూపించమంటే వెనక్కి దాచుకునే ఈడువి. వాటిని బలవంతపెట్టేది కాదు. ఇంట్లో చెప్పకుండా ఓడెక్కి దేశాలు తిరిగేవాళ్ల కథ ఒకటి అరుగు మీద మర్చిపోయినట్టు పెట్టి వెళ్లిపోయేది. రోకటిపోటుతో కాయలు కాచిన చేతులకైతే లావుపాటి నవల. "నాలుగు కాపురాలు, మూడు చావులు ఉన్నాయి ఇందులో. పొయ్యి మీద అన్నం పెట్టి చదవకు, మాడిపోతుంది" అని మరీ చెప్పేది.

ఇన్ని చేతులు పట్టుకున్న మనిషే, కొన్ని గుమ్మాల ముందు మాత్రం ఆగేది కాదు. మొగుడు పోయిన ఆడకూతురున్న ఇంటి ముందు గాజులమ్మి ఆగకూడదు, అది ఆచారం. అలాంటి గుమ్మం వస్తే నాంచారమ్మ మలారాన్ని కొంగులో చుట్టి, గలగల వినపడకుండా గుండెకి అదుముకుని గబగబా దాటేది. జాలి కొద్దీ చేసేది, పాపం.

పదహారో ఊళ్లో అలాంటి గుమ్మం రాఘవమ్మగారిది. పెద్దింటి మనిషి, పలుకు కరుకు. ఓనాడు నాంచారమ్మ ఎప్పట్లాగే గబగబా దాటుతుంటే ఆవిడే వీధిలోకొచ్చి పిలిచింది.

"నాంచారీ, ఆగు. మా కోడలు తాయారు సంగతి తెలుసా?"

"విన్నానమ్మగారూ."

"ఏం విన్నావు? ఇరవై రెండేళ్ల పిల్ల. మూణ్నెల్లుగా మాట లేదు. కంచం ముందు కూచుంటుంది, మెతుకు ముట్టదు. వైద్యుడొచ్చాడు. సోది చెప్పించాం. తాయెత్తు కట్టించాం. పిల్ల చీపురుపుల్లయిపోయింది. ఇలాగే ఉంటే కార్తీకం చూడదు." ఆ కరుకు మనిషి కొంగుతో కళ్లు తుడుచుకుంది. "కొడుకెలాగూ పోయాడు. అదొక్కతే నాకు మిగిలింది. నీ కథలు మంచివటగా, ఒకటియ్యి. దానికి చదువొచ్చు."

నాంచారమ్మ గుమ్మం బయటే నిలబడి లెక్కేసింది. ఇరవై రెండేళ్ల ఆడమనిషి, తెల్లచీర. ఇలాంటివాళ్లకి పుణ్యకథలే కదా ఇస్తారు? వ్రతాలు, ఉపవాసాల పుస్తకం ఇచ్చి వెళ్లింది. పై వారం వస్తే పుస్తకం ఇచ్చింది ఇచ్చినట్టే ఉంది. తాయారు మాట్లాడలేదు, తినలేదు.

రెండోసారి లావుపాటి నవల ఇచ్చింది. అందులో పెళ్లి, కాపురం, మొదటి కాన్పు అన్నీ ఉన్నాయి. తాయారు నాలుగు పేజీలు చదివింది. చదివి పుస్తకం మూసి గోడవైపు తిరిగి పడుకుంది. రెండ్రోజులు మంచినీళ్లు కూడా ముట్టలేదు.

"నా కొంప ముంచావు గదే! నీ కథలొద్దు, నువ్వూ వద్దు. నీ దారిన నువ్వు పో!" అంది రాఘవమ్మగారు. అంత నోరున్న నాంచారమ్మ నవల తీసి మూటలో పెట్టుకుంది. తలొంచుకుని వెళ్లిపోయింది.

గట్టు మీద పోతుంటే పక్క ఊరి ముసలమ్మ ఎదురొచ్చింది. "నాంచారీ, మా మనవరాలికి డజను గాజులియ్యవే. దాని చెయ్యి ఇదుగో, ఇంతుంటుంది" అని వేళ్లు గుండ్రంగా చుట్టి చూపించింది.

"భలేదానివే అవ్వా! చెయ్యి చూడకుండా గాజు ఎలా ఇస్తాను? చెయ్యి చూడందే గాజు లేదు, చెయ్యి చూడందే..."

అక్కడ ఆగిపోయింది నాంచారమ్మ.  పదహారు ఊళ్లలో పాడిన పాట ఆ ఒక్క గుమ్మంలో పాడలేదు తను! ఏళ్లు లెక్కపెట్టింది, చీర రంగు చూసింది. చెయ్యి మాత్రం పట్టుకోలేదు. గిరుక్కున వెనక్కి తిరిగింది. పుట్టాక అంత జోరుగా నడిచి ఉండదు.

మలారం అరుగు మీద దించి, మూట మాత్రం చంకన పెట్టుకుని, అడక్కుండానే లోపలికి నడిచింది. "ఏయ్, ఎక్కడికే!" అని రాఘవమ్మగారు వెంటపడింది. నాంచారమ్మ వెనక్కి చూడలేదు. వెనక గదిలో చాప మీదున్న తాయారు పక్కన చతికిలబడి, "చెయ్యి ఇలా ఇయ్యి తల్లీ" అంది.

తాయారు కదల్లేదు. నాంచారమ్మే చెయ్యి తీసుకుంది. బొటనవేలి కింద ఒత్తింది. కణుపులు ఒత్తింది. చెయ్యి మొత్తం ముడిచి చూసింది. గాజులు పగలగొట్టిన నాటి నుంచి ఆ చెయ్యి పట్టుకున్నవాళ్లు లేరు. తాయారు కళ్లు పెద్దవి చేసి ఆమెనే చూస్తోంది.

"అమ్మగారూ, ఇది ఇరవై రెండేళ్ల చెయ్యి కాదు. చిన్నపిల్ల చెయ్యి" అంది నాంచారమ్మ. పిల్ల వైపు తిరిగి, "నీకు ఆఖరుసారి కథ చెప్పిందెవరు తల్లీ?" అని అడిగింది.

తాయారు ఆమె పట్టుకున్న తన చేతి వంక చూసుకుంది. తర్వాత పెదాలు కదిలాయి.

"మా నాయనమ్మ" అంది తాయారు.

రాఘవమ్మగారు గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

"ఏం కథ?"

"పిల్లి కథ. పిల్లి ఉట్టి కిందకొచ్చింది. అంతలో ఇక్కణ్ణుంచి పల్లకీ వచ్చింది, ఆయన పోయారని. నన్ను ఎక్కించేశారు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. మళ్లీ నాయనమ్మని చూళ్లేదు. మూణ్నెల్ల కింద పోయిందని కబురొచ్చింది." నాంచారమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది. "పిల్లికి ఉట్టి అందిందో లేదో తెలీదు నాకు."

నాంచారమ్మకి కళ్లనీళ్లు జలజలా రాలాయి. ఈ పిల్లకి పుణ్యకథలిచ్చానా, కాపురాల నవల ఇచ్చానా అని లెంపలేసుకుంది. మూట విప్పి గుడ్డపుస్తకం తీసి ఒళ్లో పెట్టింది. "చూస్తే పోలా? ఇదుగో పిల్లి."

తాయారు ఆ బొమ్మని ఇటు తిప్పింది, అటు తిప్పింది. "ఇది పిల్లా నాంచారత్తా, పందికొక్కా?" అంది.

ఏం చెప్పమంటారు! నాంచారమ్మ నవ్వింది, రాఘవమ్మగారు నవ్వింది, వాళ్లని చూసి తాయారు నవ్వింది. పదమూడేళ్లకి ఆ ఇంట్లో నవ్వు వినపడింది. తాయారు పేజీ తిప్పింది. పేజీలో కుండ. "ఉట్టి తెగింది" అంది తనే.

"తెగి?" అంది రాఘవమ్మగారు, ఎప్పుడు కూచుందో చాప మీద కూచుని.

"కుండ పిల్లి నెత్తిన పడింది."

"పడితే?"

"మూతికి పెరుగంటుకుంది. నాకేసింది. అందింది నాయనమ్మా, అందేసింది దానికి!" అని లేని నాయనమ్మతో చెప్పి భోరుమంది తాయారు.

రాఘవమ్మగారు లేచెళ్లి పెరుగన్నం కలిపి తెచ్చింది. ముద్ద నోట్లో పెడుతూ, "నన్ను ఆరో ఏట తెచ్చారే ఈ ఇంటికి. ఆ పిల్లి సంగతి నాకూ ఇవాళే తెలిసింది" అంది. తాయారు కంచం ఖాళీ చేసింది.

ఆ తర్వాత నాంచారమ్మ ఆగని గుమ్మమంటూ లేదు. తాయారుకి గుడ్డపుస్తకం అయ్యాక గొడ్లపాకంత రాకాసి, ఆ తర్వాత ఓడెక్కి పారిపోయేవాళ్లు. ఒక్కో మెట్టూ ఎక్కించింది. మూడేళ్లకి ఆ లావుపాటి నవలే మళ్లీ ఇచ్చింది. తాయారు చదివింది, ఏడ్చింది. ఏడ్చి, లేచి, రెండుసార్లు మారు వడ్డించుకుని తింది.

ఏళ్లు గడిచాయి. నాంచారమ్మ ముసలిదైంది. ఓ ముసురు రోజున నడిచి నడిచి రాఘవమ్మగారి అరుగు మీదే కూచుంది. ఒకప్పుడు గబగబా దాటిన అరుగే. మలారం పక్కన పెట్టి పుస్తకం విప్పింది. తాయారు లోపల్నుంచి మజ్జిగ తెచ్చేసరికి ప్రాణం పోయింది. ఒళ్లో ఇంటంత రాకాసి కథ. వేలు సగం పుస్తకంలో ఆగి ఉంది.

పదహారు ఊళ్లూ వచ్చాయి. పాడె కట్టారు. "వాన ఎక్కువవుతోంది, ఎత్తండి" అన్నారు మగవాళ్లు.

"ఆగండి" అంది తాయారు. అంతమందిలో ఆమె గొంతెత్తడం అదే మొదలు. నాంచారమ్మ చెయ్యి పట్టుకుని మూడుసార్లు ఒత్తింది. "నాంచారత్తా, ఇక్కడ ఆగావు" అని ఆ వేలున్న చోటు నుంచి పైకి చదవడం మొదలెట్టింది. ఎవరూ కదల్లేదు. వానలో తడుస్తూనే విన్నారు. రాకాసి చచ్చింది, రాజకుమారి ఇల్లు చేరింది. పుస్తకం మూశాకే పాడె లేచింది.

నాంచారమ్మకి గుడి లేదు, రాయి లేదు. కానీ ఏటిగట్టు ఊళ్లలో ఇప్పటికీ గాజుల మలారం పక్కన ఓ పుస్తకాల మూట ఉంటుంది. తాయారు మోసింది, తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత ఇంకొకరు. పిల్లకి మొదటి పుస్తకం ఇస్తే ముందు చెయ్యి పట్టుకుని మూడుసార్లు ఒత్తుతారు. దాన్ని నాంచారమ్మ కొలత అంటారు. ఎవరైనా పుస్తకం మధ్యలో కన్నుమూస్తే మిగతాది చదివి వినిపించాకే సాగనంపుతారు. అయిపోయిన కథలన్నీ కంచికి పోతాయంటారు గానీ, ఈ కథ ఆ గట్టు దిగి ఎక్కడికీ పోదు.

తల నెరిసినవాళ్లొచ్చి బొమ్మల పుస్తకం ఇమ్మన్నా అక్కడెవరూ నవ్వరు. నీకెన్నేళ్లని అడగరు. చెయ్యి పట్టుకుని, "నీ కథ ఎక్కడ ఆగిందమ్మా?" అని అడుగుతారు.